జల్లెడ మీద గంధం

పదహారో రోజు కర్మ అయిన తరువాతి ఆదివారం ఉదయం అంతోణి కోవిల్‌పట్టిలో మా ఇంటికి వచ్చాడు. విరుదునగర్ నూనె మిల్లులో మా ఆయన గోవిందరాజ్‌తో కలిసి తొమ్మిదేళ్లు పనిచేసినవాడు. ఆయన మడ్డి తొట్టిలోకి దిగి చనిపోయిన రోజున పైన తాడు పట్టుకున్నది అతనే. కర్మకు రాలేదు. ఇప్పుడు వచ్చి, చెప్పులు బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

నేను కాఫీ ఇచ్చాను. మా అత్త ఇసక్కియమ్మాళ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతన్ని చూడకుండా, ఎదుటి గోడతో చెప్పినట్టు అన్నది.

"తాడు పట్టుకోనుండినోడు ఈడే. నా కొడుకు మన్నులో ఉండాడు, ఈడు కాపి తాగతా ఉండాడు."

అంతోణి గ్లాసు కింద పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

అతను వచ్చింది రెండు సంగతులు చెప్పడానికి. బుధవారం రెండో మడ్డి తొట్టి మూత తీస్తారు. ఈసారి దిగేది అతనే. ముందుగా దించి చూసేది ఆయన వాడిన అదే గ్యాస్ మీటరు. ఇక రెండోది, మేనేజర్ చెల్లదురై ఒక కాగితం టైపు చేయించి పెట్టాడు. గోవిందరాజ్ మీటరును అడుగుదాకా దించకుండా, తొందరపడి దిగాడని అందులో ఉంది. కింద అంతోణి సంతకానికి చోటు వదిలారు.

పెట్టావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. బుధవారం పని అయినాక పెట్టమన్నారట.

"నువ్వు చూశావు కదా అంతోణీ."

"సూసినాను వదినె. పైన సున్న, నడాన సున్న, అడుగున సున్న. తావు తావుకీ రెండు నిమిసాలు నిలిపినాడు అన్న, వాచీ సూసుకోని. కానీ మీటరు బాగుండాదని మేనేజర్ సారు అంటాడే. మీటరు బాగుంటే నా కండ్లే గదా తప్పు?"

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. తన కళ్లను తానే అమ్ముకుంటున్నాడనిపించింది. అది పైకి అనలేదు. మీటరు మీద నమ్మకం లేకపోతే దిగొద్దని మాత్రం చెప్పాను. నమ్మకం లేదని తానెప్పుడు చెప్పానని అతను తిరిగి అడిగాడు. నమ్మకం ఉంది కాబట్టే దిగుతున్నాడట. పోయేముందు మా అత్తకు దండం పెట్టాడు. ఆమె తల తిప్పుకుంది.

ఆ మీటరు సంగతి ఇక్కడ చెప్పాలి. మిల్లులో గింజ కడిగిన నీళ్లు, నూనె అడుగున దిగిన మడ్డి, రెండు సిమెంటు తొట్లలోకి పోతాయి. ఏడాదికోసారి మూత తీసి, మనిషి దిగి, మడ్డిని పారతో ఎత్తాలి. మడ్డి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెమే ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయిందని మనిషి అనుకుంటాడు. గాలి కన్నా బరువు కాబట్టి అడుగున ఉంటుంది. కదపని మడ్డిలో దాక్కుని, పార పడగానే పైకి వస్తుంది. ఇవన్నీ నేను పన్నెండో తరగతి పిల్లలకు చెప్పే పాఠంలోనివే. మా బడిలో నేను కెమిస్ట్రీ టీచర్ని.

2001లో మిల్లువాళ్లు అరచేతిలో పట్టే పసుపుపచ్చ మీటరు ఒకటి కొన్నారు. గ్యాస్ ఎంత ఉందో అంకె చూపుతుంది, హద్దు దాటితే కూత పెడుతుంది. దాన్ని గోవిందరాజ్‌కు అప్పగించారు. దాంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటే ఇంటికి తెచ్చాడు. మా ఇంట్లో మాట తెలుగైనా చదువు తమిళమే కాబట్టి, ఆరు ఠావుల మీద తమిళంలో రాసి ఇచ్చాను. ఆయన వాటిని పరీక్షకు చదివినట్టు చదివాడు. మీటరును తొట్టి దగ్గర కాకుండా దూరంగా, మంచి గాలిలో ఆన్ చేయాలి. తాడు కట్టి దించి, పైన, నడుమ, అడుగున, ఒక్కొక్క చోట రెండేసి నిమిషాలు ఆపాలి. పైకి లాగాక, లోపల చూపిన పెద్ద అంకె ఎంతో మళ్లీ చూడాలి. దిగేటప్పుడు చొక్కాకు, మెడ దగ్గర తగిలించుకోవాలి, జేబులో పెట్టకూడదు. రాత్రి అన్నం తింటూ నాకు అప్పజెప్పేవాడు. తప్పు పోతే నేను దిద్దేదాన్ని.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ జరగలేదు. మీటరును వాడే ప్రతిరోజూ, పనికి ముందు, బాటిల్‌లో వచ్చే కొలత తెలిసిన గ్యాస్‌ను మీటరుకు చూపించాలి. అది పసిగట్టి కూస్తేనే వాడాలి. ఆ బాటిల్ కొనిపెట్టమని గోవిందరాజ్ మూడుసార్లు అడిగాడు. ఆన్ చేయగానే కూస్తోంది కదా, ఇంకేం కావాలన్నాడు చెల్లదురై.

ఈ ఏడు ఆయుధపూజకు మిల్లు మూడు రోజులు మూశారు. స్టోర్ గదిలో పెడితే ఎవరైనా తీసి ఆడుకుంటారని ఆయన మీటరును ఇంటికి తెచ్చాడు. పూజ పీట మీద నేను నా పుస్తకాలు, చాక్‌పీసు డబ్బా, ఆయన స్పానర్లు, రబ్బరు తొడుగులు పెట్టాను. వాటి పక్కన మీటరు పెట్టాను. దాని ముఖం మీద, సరిగ్గా నడుమ, రూపాయి బిళ్ల కన్నా చిన్న గుండ్రటి జల్లెడ ఉంటుంది. గంధం నేనే అరగదీశాను. అన్నిటికీ పెడుతూ పోతుంటే వేలు దానంతట అదే అక్కడికి పోయింది. గంధం మీద కుంకుమ అద్దాను. దీనికి కూడా నుదురు దొరికిందే నీకు అని ఆయన నవ్వాడు. మూడో రోజు తడిగుడ్డతో తుడిచి, మెరిసేటట్టు చేసి, మిల్లుకు తీసుకుపోయాడు.

ఆ తరువాత పన్నెండో రోజు మొదటి తొట్టి మూత తీశారు. మీటరు మూడు చోట్లా సున్నా చూపింది. ఆయన నడుముకు తాడు కట్టుకుని దిగాడు. నాలుగో పార మడ్డి ఎత్తుతూ ముందుకు వాలాడు. మెడ దగ్గర మీటరు కూయలేదు. నలుగురు కలిసి తాడు లాగారు. ఆసుపత్రికి చేరేసరికి లేడు.

అంతోణి వెళ్లాక నేను ఆ ఆరు ఠావులు తీశాను. ఆయన పోయాక వాటిని ముట్టుకోవడం అదే మొదలు. నాలుగో ఠావులో, నా చేతిరాతలో ఇలా ఉంది: "జల్లెడ వెనక తెల్లటి పొర ఉంటుంది. గ్యాస్ దానిగుండానే లోపలికి పోవాలి. తడి, నూనె, జిగురు, మెత్తటి పొడి తగలనీయరాదు. పొర మూసుకుపోతే, గ్యాస్ ఉన్నా మీటరు సున్నా చూపుతుంది." చివరి మాటల కింద ఎర్ర సిరాతో గీత ఉంది. పరీక్షలో తప్పక అడుగుతారని పిల్లలకు గీసిపెట్టినట్టు ఆ గీత గీసింది నేనే.

తడిగుడ్డతో తుడిస్తే పైది పోయింది. మిగిలింది లోపలికి పోయి ఉంటుంది.

సోమవారం సెలవు పెట్టి విరుదునగర్ వెళ్లాను. బజారులో మిరపకాయల మండీలు తెరిచి ఉన్నాయి, మిల్లు గేటుదాకా ఘాటు వెంట వచ్చింది. చెల్లదురై నన్ను కూర్చోమనలేదు. ఎదుట రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రెండో తొట్టి తెరిచేముందు మీటరును గ్యాస్‌తో పరీక్ష చేయించమని అడిగాను. ఆయన సొరుగులోంచి మీటరు తీసి, మీట నొక్కాడు. లైటు వెలిగింది, కూత పెట్టింది, బల్ల మీద గడగడ వణికింది. తరువాత సున్నా చూపింది.

"విన్నారా టీచర్?" అని తమిళంలో అన్నాడు. "చెవులు బాగానే ఉన్నాయిగా మీకు."

"ఆ కూత బ్యాటరీ బాగుందని చెప్తుంది సార్. లోపలికి గ్యాస్ పోతోందో లేదో అది చెప్పదు."

"ముప్పై ఏళ్లుగా నూనె తీస్తున్న మిల్లు ఇది. మీరు వచ్చి బ్లాక్‌బోర్డు పెట్టేటట్టుంటే చెప్పండి, చాక్‌పీసు తెప్పిస్తాను."

పక్క గదిలో గుమాస్తా నవ్వాడు. చెల్లదురై గొంతు తగ్గించాడు. గోవిందరాజ్ మీటరును ఇంటికి ఎత్తుకుపోయిన సంగతి వాచ్‌మన్ చెప్పాడనీ, చనిపోయినవాడి మీద ఎందుకని దాన్ని ఎక్కడా రాయలేదనీ, నేను ఇలా వచ్చిపోతుంటే రాయక తప్పదనీ అన్నాడు. మీటరు ఇంట్లో ఉన్నప్పుడు ఏమైందో తనకు తెలియదు కదా అని నా ముఖంలోకి చూశాడు.

అప్పుడు చెప్పవలసింది. ఒక్క వాక్యం చాలు, ఆ మీటరు మళ్లీ సొరుగు దాటేది కాదు. కానీ ఆ వాక్యం చెప్తే, చనిపోయినవాడిదే తప్పని ఇతను వెంటనే రాస్తాడు. దాన్ని పట్టుకుని నోరు మూసుకున్నాను. అది సగం కారణం. మిగతా సగం, ఆ వేలు నాది. ఆ గదిలో, ఆ మనిషి ముందు, దాన్ని బయటపెట్టలేకపోయాను. నమస్కారం చెప్పి వచ్చేశాను.

గేటు బయట అంతోణి కనిపించాడు. దిగొద్దని మళ్లీ చెప్పాను. ఎందుకని అడిగాడు. మీటరు మీద అనుమానమన్నాను. ఏం అనుమానమని అడిగాడు. దిగొద్దనే మరోసారి అన్నాను.

"మీరు చదువుకోనుండినోళ్లు," అన్నాడు. "అనుమానం పడొచ్చు. నేను దిగకుంటే రేపట్నించి గేటు బయటే."

మంగళవారం బడిలో, పిల్లలు లేని పిరియడ్‌లో లాబొరేటరీ తెరిచాను. లెడ్ ఎసిటేట్‌లో ముంచి ఆరబెట్టిన తెల్లకాగితం ముక్కలు మా దగ్గర సీసాలో ఉంటాయి. తడిపి పెడితే, హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే నల్లబడతాయి. ఉందని చెప్తాయి, ఎంత ఉందో చెప్పవు. అవి పాతవి. పాతవాటిని నమ్మి మరొకరి ముందు నిలబడకూడదు కాబట్టి, పొగ బయటికి లాగే ఫ్యాను కింద, పరీక్షనాళికలో కొంచెం గ్యాస్ పుట్టించి, ఒక ముక్క చూపించాను. పది లెక్కపెట్టేలోగా నల్లబడింది. మిగతావాటిలో ఆరు ముక్కలు తీసి చిన్న సీసాలో వేసుకున్నాను.

బుధవారం మొదటి బస్సుకే బయలుదేరినా, సాత్తూరు దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిచి ఆలస్యమైంది. మిల్లు వెనక పెరట్లోకి పోయేసరికి తొట్టి మూత పక్కకు జరిపి ఉంది. అంతోణి నడుముకు తాడు కట్టి ఉంది. అతని చేతిలో ఇంకో తాడు, దాని కొసన మీటరు. ముగ్గురు కూలీలు వెనక నిలబడ్డారు. చెల్లదురై గొడుగు పట్టుకుని దూరంగా ఉన్నాడు. మీటరు పైకి వచ్చింది. సున్నా అని అంతోణి గట్టిగా చదివాడు. చొక్కాకు తగిలించుకోబోయాడు.

ఆగమన్నాను. ఈమెను ఎవరు రానిచ్చారని చెల్లదురై వాచ్‌మన్‌ను కేకేశాడు. నేను అంతోణితోనే మాట్లాడాను, ముందు మా ఇంటి మాటలో, తరువాత అందరికీ అర్థమయ్యేటట్టు తమిళంలో. ఆయుధపూజకు ఆ మీటరుకు గంధం పెట్టింది నేనని చెప్పాను. గాలి పోవలసిన జల్లెడ మీదే పెట్టానని, గోవిందరాజ్‌కు ఆ సంగతి తట్టలేదని, నాకు తట్టి ఉండవలసిందని చెప్పాను.

అంతోణి మీటరును తిప్పి జల్లెడను చూశాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదు, శుభ్రంగా ఉంది.

"సోమవారం వచ్చి ఉంటివే," అన్నాడు. "గేటు కాడ అడిగితిని గదా, ఏం అనుమానమని. అప్పుడు ఎంద్క చెప్పలే?"

మీటరును నా ముందుకు చాపాడు.

"మూడు దినాలు నోట్లో పెట్టుకోనుంటివి. బస్సు ఇంకొంచెం ఆలస్యమై ఉంటే? నాకు ఇద్దరు ఆడబిడ్డలు వదినె. నీకు తెలుసునే."

చెల్లదురై దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు అతని ముఖం తేరుకుంది. అందరూ విన్నారు కదా అని కూలీలతో అన్నాడు. మిల్లు తప్పేమీ లేదని ఈమె నోటితోనే వచ్చిందన్నాడు. వెంటనే, గంధం బొట్టుతో మీటరు చెడిపోతుందా, ఇదంతా ఆడవాళ్ల ఏడుపు, మిల్లులో తాను కూడా ప్రతి మోటారుకూ గంధం పెట్టలేదా, అవి తిరగడం లేదా అన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో అన్నాడు. మీటరు చెడిందంటే పని ఆగుతుంది, చెడలేదంటే మిల్లు తప్పు నా మీదికి పోదు. ఏది కావాలో అతనికే తేలలేదు.

నేను సీసా తీసి, ఒక కాగితం తడిపి, మీటరు పక్కన తాడుకు కట్టమని అంతోణికి ఇచ్చాను. నా చేతినుంచి తీసుకోలేదు. తొట్టి గట్టు మీద పెట్టమన్నాడు. పెట్టి వెనక్కు జరిగాక తీసుకున్నాడు. గాలి వీచే వైపుకు తిరిగి, ముఖం తొట్టి మీదికి వాల్చకుండా దించమన్నాను. అది మాత్రం విన్నాడు. అడుగున రెండు నిమిషాలు ఆపమన్నాను. నిమిషాలు చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా, ఒక కూలీ తన వాచీ చూసి చెప్పాడు.

కాగితం తెల్లగానే వస్తే ఏం చేయాలో నాకు తెలుసు. తెల్లకాగితం తొట్టి బాగుందని చెప్పదు, ఇంకా కదపలేదని మాత్రమే చెప్తుంది. కానీ అది చెప్తే అక్కడ ఎవరూ నమ్మరు. అంతోణి దిగుతాడు.

తాడు పైకి వచ్చింది. మీటరు మీద సున్నా. లోపల చూపిన పెద్ద అంకె కూడా సున్నా. కాగితం కాటుక రంగులో ఉంది.

అంతోణి దాన్ని తాడునుంచి విప్పాడు. ఇంకో ముక్క అడిగాడు. ఈసారి గాలిలో ఊరికే పట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడు. అది తెల్లగానే ఉంది. దాన్నే తాడుకు కట్టి దించాడు. నల్లగా వచ్చింది. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. రెండు ముక్కలూ పక్కనున్న కూలీకి ఇచ్చి, నడుముకు ఉన్న తాడు ముడి విప్పుకున్నాడు.

వానాకాలమంతా తొట్టి ఇలాగే ఉంచుతారా అని చెల్లదురై అరిచాడు. వేరే మనుషులు దొరుకుతారన్నాడు. ఎవరూ కదలకపోయేసరికి, గుమాస్తాతో కాగితం తెప్పించి, గొడుగు వాచ్‌మన్ చేతికిచ్చి, అక్కడే నిలబడి రాశాడు. గోవిందరాజ్ అనుమతి లేకుండా మీటరును ఇంటికి తీసుకుపోయాడని, అతని భార్య గంధం పూసి దాన్ని పాడుచేసిందని, ఆమె ఈ సంగతి అందరి ముందు ఒప్పుకుందని రాశాడు. సంతకం పెట్టమన్నాడు.

చదివాను. అందులో అబద్ధం లేదు. ఒక వాక్యం తక్కువగా ఉందని చెప్పాను. రోజూ పరీక్షించే గ్యాస్ బాటిల్ కోసం గోవిందరాజ్ మూడుసార్లు అడిగితే మిల్లు కొనలేదు. ఆ బాటిల్ ఉండి ఉంటే, దిగేముందే, ఆ రోజు ఉదయమే, మీటరు చెడిందని తెలిసేది. అది కూడా రాయమన్నాను. రాయనన్నాడు. అది వేరే విషయమన్నాడు. కాగితం నా చేతిలోనే ఉంది కాబట్టి, అతని రాత కింద నేనే రాశాను. రాసి, దాని కింద నా పేరు, మా బడి పేరు, తేదీ వేశాను. చెల్లదురై లాక్కోబోయాడు. అంతోణి చేయి అడ్డం పెట్టాడు.

కలం ఇమ్మన్నాడు నన్ను. ఈసారి నా చేతినుంచే తీసుకున్నాడు. మీటరు మూడు చోట్లా సున్నా చూపగా తన కళ్లతో చూశానని, అన్న రెండేసి నిమిషాలు ఆపాడని, అక్షరం అక్షరం కూడబలుక్కుని తమిళంలో రాసి, సంతకం పెట్టాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులోనే ఉంచుకున్నాడు. నాకూ ఇవ్వలేదు, మేనేజర్‌కూ ఇవ్వలేదు.

"ఇది అన్న కోసరం," అన్నాడు. "నీ కోసరమని అనుకోవద్దు. ఇక మా ఇంటి పక్క రావద్దు."

సరేనన్నాను.

నలుగురూ కలిసి సిమెంటు మూతను తొట్టి మీదికి జరిపారు. జరిపి, దాని మీదే కూర్చున్నారు. చెల్లదురై వాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు. ఎవరూ లేవలేదు. నేను వాళ్ల ముందునుంచే గేటుకు పోవాలి. వాళ్లలో ఎవరూ నా వైపు చూడలేదు.